ఏడు, ఐదు కలిస్తే తొమ్మిది

రుద్రంగిలో దేవవ్వ ఇల్లు. తాటివనంలో కల్లుగీసేవాళ్ల కొట్లాట జరిగిన మర్నాటి సాయంత్రం. మనుమరాలు మనీషా పదో తరగతి లెక్కలు ముందేసుకుని కూర్చుంది.

“మనీషా, గిట్ల నా పక్కకు జరుగు బిడ్డా. చెప్పేది చెవువెట్టి ఇను.”

“ఆగు బాపమ్మా, సంభావ్యత లెక్క తెగుతలేదు. పొద్దుగాల ఠాణకు సద్ది తీస్కపోతివి గద, బాపు తిన్నడా?”

“ముందుగాల నా లెక్క చెయ్యి. నిన్న కొట్లాటల లీల ఇటు దిక్కు నిలవడ్డది. కట్టెతోని కొట్టినోళ్లు ఏడుగురని ఎస్సైకి చెప్పింది. భూమవ్వ అటు దిక్కు. కత్తితోని నరికినోళ్లు ఐదుగురంది.”

“పన్నెండు మందా?”

“ఎస్సై గదే అన్నడు. కొట్లాడినోళ్లు తొమ్మిది మంది దొరికిన్రు. ఇంక ముగ్గురేరి అనుకుంట ఊర్లెకచ్చిండు. గీసేటోళ్లు ముప్పై మందాయె. చేతికందిన ముగ్గురిని గుంజుకపోయిండు. అండ్ల మీ బాపొకడు.”

“బాపు నిన్న కొడిమ్యాలల ఉండె గద.”

“చెప్పిన. ఇంటడా? కండ్లు మూసుకొని ముప్పై మందిల ఒకన్ని పట్టుకుంటె, వాడు కట్టెతోని కొట్టినోడో కత్తితోని నరికినోడో అయ్యేది... మీరు అవకాశం అంటరు సూడు, గదెంత?”

“ఏడు బై ముప్పై, ఐదు బై ముప్పై. కలిపితే పన్నెండు... ఆగు. రెండు పనులు చేసినోళ్లున్నరా?”

“ఉండకేం? గీసేటోడు చెట్టెక్కినంక ఒక చేత్తోని కమ్మ పట్టుకుంటడు, ఇంకో చేత్తోని గెల గీస్తడు. రెండు చేతులు రెండు పనులు చేస్తయి. గీసేటోళ్లల్ల రాజం లేడా, వాడు ఎడమచేతి కట్టెతోని లస్మయ్య తల పలగ్గొట్టిండు, కుడిచేతి కత్తితోని చెవు తెగనరికిండు. నెత్తురు నా కొంగు మీద చిల్లింది. వాని తమ్ములిద్దరు గట్లనే.”

“ఆ ముగ్గురిని లీలత్త ఒకసారి, భూమవ్వ ఒకసారి లెక్కవెట్టిన్రు. ఏడు, ఐదు కలిపి, రెండుసార్లు వడ్డ ముగ్గురిని ఒకసారి తీసెయ్యాలె. తొమ్మిది బై ముప్పై.”

“తొమ్మిదేనా? మల్ల సూడు.”

“తొమ్మిదే. ఆ తొమ్మిది మంది దొరకనే దొరికిరి. ఇంక ముగ్గురు లేనే లేరు బాపమ్మా.”

“లేని ముగ్గురిని ఒప్పిచ్చెతందుకు లాఠీలు ఇరిగేదాక కొట్టిన్రు.”

“బాపు ఒప్పుకున్నడా?”

“ఒప్పుకోలే.”

“అయితె ఇడిచిపెడ్తరు. నడువు, ఎస్సైకి కాయిదం మీద చేసి చూపిస్త.”

“మీ బాపు ఠాణల లేడు బిడ్డా. సిరిసిల్ల దవాఖానల పండవెట్టిన్రు, మొకం మీద బట్ట గప్పి. రేపు పెద్ద సార్లు అచ్చి అడుగుతరట. నాకు లెక్క చేసి చూపుడు రాదు. గీ లెక్క నువ్వు యాద్ పెట్టుకో. అడిగినోళ్లకల్ల చెప్పు.”