డరిల్ చూసిన ఐదు చేతులు

"ఒక్కోదానికి ఐదు చేతులు, నీలం రంగు, నిగనిగలాడుతూ," అన్నాడు డరిల్. అక్కడ మొదలైంది నాకు గుబులు. చిప్స్ పొట్లం పక్కన పెట్టేశా.

సముద్రంలో దిగి విషం సూది పొడిచే మా రోబో చంపాల్సింది ముళ్ల నక్షత్రచేపల్ని. అవి పగడాల్ని బతికుండగానే తినేస్తాయి. వాటికి చేతులు పదిపైనే. నీలంగా, ఐదు చేతులతో ఉండేవి పాపం ఎవరి జోలికీ పోవు. ఏది ఏదో రోబోకి నేర్పింది నేనే. డిగ్రీ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం.

డరిల్‌ది మేం అద్దెకి తీసుకున్న పడవ. ఆస్ట్రేలియాలోని ఈ కెయిన్స్ రేవులో లినెట్ చేపల కొట్టు ముందు బెంచీ ఎక్కి కబుర్లు మొదలెట్టాడంటే ఇక దిగడు.

"ముందు ఒకదానికి పొడిచింది సూది. అది చచ్చింది. అది చూసి పక్కది పరుగు. నక్షత్రచేప పరిగెత్తడం చూశారా ఎప్పుడైనా? నేను మాస్క్ పెట్టుకుని, నీళ్లలో తల ముంచి మరీ చూశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీటింగ్ పెట్టుకున్నాయా?" అన్నాడు ఐస్ పెట్టె మీద కూర్చున్న వారెన్.

"నవ్వకు మేట్. వెయ్యి చేరి రోబోని చుట్టేశాయి. మనదేమన్నా తక్కువదా, గిర్రున తిరుగుతూ వరసపెట్టి పొడిచేసింది, మా అమ్మ కుట్టుమిషన్ కూడా అంత జోరుగా కుట్టదు. అంతలో సొరచేప వచ్చి కెమెరా కొరికేసింది. దానికీ ఓ సూది. ఆ మత్తులో అది మా పడవని రేవుదాకా లాక్కొచ్చేసింది, డీజిల్ చుక్క ఖర్చవలేదు. కావాలంటే టెగన్‌ని అడగండి."

అందరూ నావైపు చూశారు. నిన్న నేను ఒడ్డునే ఉన్నా. కెమెరా మాత్రం నిజంగానే పగిలొచ్చింది, ఫొటో ఒక్కటీ దక్కలేదు.

లినెట్ నూనెలోంచి చేప తీస్తూ అంది, "డరిల్, నిన్నంతా నువ్వు బకెట్లో తలపెట్టి కక్కుకుంటూ కూర్చున్నావట కదా. పడవ నడిపిన మా తమ్ముడే చెప్పాడు. మరి నీళ్లలో తల ఎప్పుడు ముంచావ్?"

"మధ్యలో," అన్నాడు డరిల్. ఇక చూడండి నవ్వులు.

నేనూ నవ్వా. తర్వాత డరిల్‌ని పక్కకి పిలిచి, నిజం చెప్పమని బతిమాలా.

"వెయ్యి కాదులే అమ్మాయ్, ఓ పది," అన్నాడు. రంగు మాత్రం మార్చలేదు.

తెల్లారితే కొత్త కెమెరాతో రోబో మళ్లీ దిగుతుంది. లోపలికెళ్లాక అంతా దాని ఇష్టం, పైకొచ్చాకే ఫొటోలు చూడగలం. రోబోని ఆపిద్దామంటే, ఇది ముళ్లవాటికి గుడ్లు పెట్టే కాలం, లక్షల్లో పెడతాయి. ఆపకపోతే, ఏ పాపం ఎరగని వాటికి సూదులు. ఇంత కోతలరాయుడి మాట పట్టుకుని ఈ పని చూసే మా మేడమ్‌కి ఫోన్ చేసి ఆపమననా? మీరైతే ఏం చేస్తారు, కాస్త చెప్పండి.