వజ్రమ్మ మామ్మకి లొంగని ఒకే ఒక్క బడిపిల్లాడు

వజ్రమ్మ మామ్మ చేతిలో సుద్దముక్క ఉందంటే ఎదటి మనిషి వయసు చూసేది కాదనుకోండి. పాలు పోయడానికొచ్చిన వీరాస్వామిని గుమ్మంలోనే నిలబెట్టి, చెంబు దించనివ్వకుండా గోడ మీద 'అ' దిద్దించిందంట. పక్కింట్లో పెళ్ళిచూపులకొచ్చిన పిల్లాడి చేత పదమూడో ఎక్కం చెప్పించిందంట. అతగాడు మధ్యలో నీళ్ళు నమిలితే, "నాయనా, నీకు ఎక్కాలు నేర్పిన పంతులు బతికే ఉన్నాడా?" అనడిగిందంట. ఆ సంబంధం కుదిరింది లెండి, అది వేరే కథ. మా పాలెంలో బడికి కప్పు లేని రోజులవి. బడంటే మామ్మ ఇంటి వసారాయే, పంతులమ్మంటే మామ్మే. నేను తర్వాత కాకినాడ పోయి కాలేజీలో పెద్ద పెద్దవాళ్ళ దగ్గర చదివాను గాని, చెవి మెలేసి చదువెక్కించింది మాత్రం ఆవిడొక్కతే. ఏం చెబుతున్నానూ... ఆఁ, వసారా.

వసారాలో ఓ పక్క మామ్మ, ఆవిడ ఇసకలో రాసి చూపిస్తుంటే దిద్దే పిల్లలు. వాళ్ళకెదురుగా నేలమీద చేతి మిషను, దాని వెనకాల మామ్మ మొగుడు కోటిలింగం తాత. తాత దర్జీ. అక్షరమ్ముక్క రాదు. మరి కొలతలెలా రాసుకునేవాడంటారా? రాసుకునేవాడే కాదు. మనిషికో పురికొస తాడు. ఛాతీకో ముడి, నడుముకో ముడి, చేతికో ముడి వేసి గోడ మేకుకి తగిలించేవాడు. మునసబుగారి పొట్టతో సహా ఊరు ఊరంతా ఆ గోడకి వేలాడేదనుకోండి. ఏ తాడు ఎవరిదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పేవాడు. అంత జ్ఞాపకం ఉన్న మనిషికి అక్షరాలు ఎందుకు రావని మామ్మ బాధ. రోజంతా ఆవిడ ఊరి పిల్లలది. పొద్దు వాలి, తాత మిషను మీద గుడ్డ కప్పాక, పలక పట్టుకుని ఆయన పక్కన చాప మీద కూర్చునేది. "ఇదేంటో చెప్పండి." "ఏమోనే, నువ్వేసిన ముగ్గులా ఉంది." "నిన్న చెప్పానుగా!" "నిన్నటి ముగ్గు వేరు." ఇలా ముప్పై ఏళ్ళు! పైగా ఈ తాత, బట్టలకి చుట్టొచ్చిన పేపరు ముక్కల్ని తలకిందులుగా పట్టుకుని ఎంతసేపో చూస్తుండేవాడు. మేం పిల్లలం కిసుక్కున నవ్వితే మామ్మ మొహం చిన్నబోయేది.

ఇలా ఉండగా ఏమైందంటే, ఊళ్ళో అందరికీ చదవడం వస్తే పొలిమేరలో ఆ సంగతి రాసి బోర్డు పెడతామని పైనుంచి కబురొచ్చింది. పరీక్ష చెయ్యడానికి ఆఫీసరొస్తాడంట. ఆ నెలాఖరుకే మామ్మ రిటైరు. ఆ బోర్డు కళ్ళారా చూసి సుద్దముక్క కింద పెట్టాలని ఆవిడ ఆశ. రిజిస్టరు తీసి చూసుకుంటే అందరికీ టిక్కు పడింది, ఒక్క పేరుకి తప్ప. సర్పంచి అప్పలనర్సయ్య వచ్చి, "మామ్మా, ఆ పూటకి తాతని అత్తారింటికి తోలెయ్, పీడా పోతుంది" అన్నాడు. మామ్మ లేచింది చూడండీ! "అత్తారిల్లంటే నా పుట్టిల్లేగా? ఇక్కడ పోయే పరువు చాలక అక్కడికి కూడా పంపమంటావా? అబద్ధం రాసి బోర్డు పాతితే, రేపు పిల్లలు చదివేది ఆ అబద్ధాన్నేరా!" అంది. అందరి ముందూ గట్టిగా అందే గాని, లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుందంట. తాత మాత్రం కత్తెర ఆపలేదు.

ఆఫీసరొచ్చాడు. అందరూ చదివారు, వీరాస్వామి కూడా. చివర్న తాత. పుస్తకం చేతికిస్తే నెమ్మదిగా అందుకుని, తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. జనం గొల్లుమన్నారు. మామ్మ పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తాత గొంతు సవరించుకుని, "రంగడు చేనికి వెళ్ళెను. గట్టు మీద జారి పడెను" అని చదివి, "పడడా మరి, కింద చూసి నడవద్దూ?" అన్నాడు. నవ్వినవాళ్ళంతా మెడలు సాచి ముందుకి వంగారు. మామ్మ చటుక్కున పుస్తకాన్ని తిన్నగా తిప్పింది. తాత తెల్లమొహం వేశాడు. మళ్ళీ తిరగేసింది. గడగడా చదివాడు. మామ్మ ఒకసారి పిల్లలు కూర్చునే చోటు చూసింది, ఒకసారి ఎదురుగా ఉన్న మిషను చూసింది. అర్థమైందా మీకు? ముప్పై ఏళ్ళు ఆవిడ పిల్లల ముందు ఇసకలో రాసిన ప్రతి అక్షరాన్నీ ఆయన అవతల పక్కనుంచి చూశాడు. అటునుంచి చూస్తే అన్నీ తలకిందులేగా! "అమ్మా, మరి దీన్నేమని రాయమంటారు?" అని ఆఫీసరు నసిగితే, మామ్మ, "వచ్చు అని రాయండి. పుస్తకం ఎటు పట్టుకోవాలో మీ కాగితంలో అడగలేదుగా" అందంట. బోర్డు పడింది.

ఇంటికొచ్చాక అడిగింది, "ఎప్పట్నించి వచ్చు?" అని. "మన పెద్దాడు పాకే రోజుల్నించి." "మరి నోరు విప్పలేదేం?" తాత దారం పంటితో తెంపి, "నీ దగ్గర చదువొచ్చినోణ్ణి పక్కన కూర్చోనిస్తావా? మర్నాడే పై తరగతికి తోసేస్తావు" అన్నాడంట. మామ్మకి కోపమొచ్చిందో ఏమొచ్చిందో గాని, ఆయన చెవి పట్టుకుని, "రేపట్నించి తిన్నగా చదవడం నేర్పుతా. వచ్చేదాకా లేవనివ్వను" అంది. అన్నట్టే రోజూ పొద్దు వాలేసరికి పలక, చాప. పంతొమ్మిదేళ్ళు నేర్పింది. తాతకి రాలేదు.

మామ్మ పోయిన పదకొండో రోజున, ఆవిడ దగ్గర చదువుకున్నవాడెవడో ఎక్కణ్ణుంచో రాసిన ఉత్తరమొస్తే, నేనే తాత చేతికిచ్చాను. అలవాటు కొద్దీ తలకిందులు చేసి ఇచ్చాను కూడా. తాత దాన్ని మెల్లిగా తిప్పి, తిన్నగా పట్టుకుని, ఎక్కడా ఆగకుండా చివరంటా చదివాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "బాగా నేర్పింది" అన్నాడు. ఏమోనండీ, చొక్కాని లోపలి పక్క కుట్టి, పైకి తిప్పి ఇచ్చే పనే కదా ఆయన జీవితమంతా చేసింది. అలాంటివాడికి పుస్తకం తిప్పి పట్టుకోవడానికి పంతొమ్మిదేళ్ళు పట్టిందంటే, మామ్మ నమ్మిందేమో గాని, నేను నమ్మను. ఆ మాటకొస్తే, మామ్మ మాత్రం నమ్మిందంటారా?