గోడ అవతలి నెట్

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. నెల కిందట భర్త సొలొమోనును పోగొట్టుకున్న దేవమణి టీచరు, పక్క క్వార్టరు రాబిన్.

"పాస్‌వర్డు ఎందుకు మార్సీసినావు వదినా?"

"రౌటరుకి అప్‌డేట్ చేశాను రాబిన్. పాతదాంట్లో లోపాలున్నాయట, బయటివాళ్ళు చొరబడొచ్చట. కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. పాస్‌వర్డు కూడా మార్చుకోమన్నారు."

"నువ్వే సేసినావేటి?"

"చెప్పినట్టు నొక్కుకుంటూ పోయాను. లైట్లన్నీ ఆరిపోతే పాడుచేశాననే అనుకున్నాను. మళ్ళీ వెలిగాయి. ఇప్పుడు నెట్ కూడా వేగంగా వస్తోంది. మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు."

"ఠీక్ హై, మంచి పనే. ఆ కొత్తదేటో సెప్పు మరి."

"నీకెందుకు?"

"ఊరికే."

"ఊరికే అయితే వద్దులే."

"మా ఇంట్లో నెట్ రాట్లేదు వదినా. అన్నయ్యే ఇచ్చినాడు. ఒకే గోడ గదా, రెండిళ్ళకీ ఒకటి సాలదా అన్నాడు."

"నాతో అనలేదే."

"మర్సిపోయుంటాడు."

"మీ ఇంటికి గుప్పెడు ఉప్పు ఇచ్చినా నాతో చెప్పే మనిషి."

"ఒక్క అరగంట వదినా. తరవాత తీసీ."

"ఈ అరగంటలో ఏముంది?"

"ఫోనొస్తాది. వీడియో కాలు. ఆదివారం ఆదివారం వస్తాది."

"నీకా?"

"అన్నయ్యకి. నా ఫోనుకే వస్తాది, అన్నయ్య పోయినాక కూడా ఆగలేదు. మా వంటింట్లో కూకుని మాటాడేవోడు."

"క్యారమ్స్‌కి వెళ్తున్నానని చెప్పేవారు."

"ఆ బోర్డు ఎప్పుడో ఇరిగిపోనాది."

"ఎవరితో మాట్లాడేవారు? ఇటు చూడు రాబిన్. ఎవరితో?"

"జెనీతో."

"మా అమ్మాయి జెనీతోనా? మమ్మల్ని కాదని పెళ్ళి చేసుకుని వెళ్ళిన దగ్గర్నుంచి నా గొంతు వినడం కూడా దానికి ఇష్టం లేదన్నారే. ఫోన్ చేస్తానంటే, చెయ్యకు, అది పెట్టేస్తుంది, తట్టుకోలేవు అన్నారు."

"ముందు కోపంలో అనీసినాడు వదినా. తరవాత నీకు నిజం సెప్పడానికి మొహం సెల్లలేదు."

"మీ అందరికీ చెల్లింది."

"అలాగనకు. పాప కూడా ఉంది. షైని."

"షైని... అది పాత పాస్‌వర్డు. ఎవరి పేరని అడిగితే, గుర్తుండడానికి అన్నారు. నా చేత్తో ఎన్నిసార్లు కొట్టానో."

"నువ్వు మాటాడు వదినా ఇయాల. ఈ పూట నువ్వే మాటాడు."

"ఏమని మాట్లాడను? కన్న తండ్రి భూస్థాపనకి కూడా రాలేదది."

"వచ్చింది. పాప సెయ్యి పట్టుకుని సమాధుల తోట గేటు బయట నిలబడింది, మనందరం ఎళ్ళిపోయేదాకా."

"లోపలికెందుకు రాలేదు?"

"అమ్మ నీ మొహం సూడనంటోందని అన్నయ్య ప్రతి ఆదివారం దానితో సెప్పేవోడు గదా వదినా."