ఆఖరి పేజీ లేని కథ

టాస్మానియా దీవిలో ఒక రేవు పక్క వీధిలో, దారినపోయేవాళ్లు ఊరికే తీసుకెళ్లి చదువుకునే పుస్తకాల పెట్టె గేటుకి ఉన్న ఇంట్లో ఒకావిడ బఠాణీలు ఒలుస్తోంది. ఎదురింటి పెద్దాయన చేతిలో కాగితాలతో వంటగదిలోకి వచ్చేశాడు.

“ఏమ్మా, ఇంతకీ కుక్క బతికిందా, చచ్చిందా?”

“ఏ కుక్క, బాబాయ్?”

“నీ పెట్టెలోంచి తీసుకెళ్లిన కథలోది! పడవ వెనకాల ఈదీ ఈదీ అలిసిపోయింది. అక్కడితో కాగితాలైపోయాయి. ఆఖరి పేజీ ఏది?”

“కావాలనే పెట్టలేదు. అడుగున ఆ కథ వచ్చిన పత్రిక చిరునామా రాశాగా? మిగతాది ఇంటర్నెట్లో ఉంది, ఉచితమే.”

“మాంసం కూరిన రొట్టె అమ్మేవాడు పైపొర చేతిలో పెట్టి, లోపలి మాంసం వెతుక్కోమంటాడా?”

“మొత్తం పెడితే చదివేసి ఊరుకుంటున్నారు. పత్రిక మొహం ఒక్కరూ చూడరు. చదివేవాళ్లు లేక అది మూతపడేలా ఉంది బాబాయ్.”

“నాకా ఫోన్లు చేతకావు. నోటితో చెప్పు.”

“చచ్చినా చెప్పను.”

“నిన్నట్నుంచీ అన్నం సహించట్లేదే!”

“అయితే ఇదిగో, నా ఫోను. వేలితో పైకి జరుపుకుంటూ చదువు.”

ఆయన కుర్చీ లాక్కుని, పెదాలు కదుపుతూ చదివాడు. ముక్కు ఎగబీల్చాడు. ఆవిడ ఒలవడం ఆపేసి చూస్తోంది.

“బతికిందిగా?”

“బతికింది. ఉండు, కింద ఇంకో కథేదో ఉంది. గుర్రానిదిట.”

“అలాంటివి బోలెడున్నాయి. అందులో బాగుండేదేమిటంటే...”

“నువ్వు కాసేపు మాట్లాడకు తల్లీ.”

ఆవిడకి నవ్వొచ్చింది. పత్రికకి ఒక పాఠకుడు దొరికాడు. ఆయన చదువుతూనే లేచాడు, చదువుతూనే గుమ్మం దిగాడు.

“బాబాయ్, నా ఫోను!”

ఆయన వేలితో పైకి జరుపుకుంటూ గేటు దాటి వెళ్లిపోయాడు.