మూడు సంపుటాల వరద

"నిజం చెప్పాలంటే అదంత పెద్ద వరదేం కాదు తల్లీ. మోకాలి లోతు. అంతే," అన్నాడు బైండింగ్ బాబాయ్.

ఆయన "అంతే" అన్నాడంటే ఇంకా మొదలే కాలేదని ఆ టీ కొట్టులో అందరికీ తెలుసు. టీ కొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు. టైలర్ మెడలో టేపు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క బల్ల మీదున్న పిన్నికి మాత్రం గుండె జారి టీ గ్లాసులో పడ్డట్టయింది.

వీధి మొత్తానికి ఆయన బాబాయ్, ఆయన భార్య పిన్ని. రోడ్డు మీంచి ఆరు మెట్లు దిగితే వాళ్ల బైండింగ్ షాపు. పోయిన నెల పైనున్న లాండ్రీలో పైపు పగిలి, రాత్రికి రాత్రి నీళ్లన్నీ షాపులోకి దిగాయి. కాగితం రీములు ఉబ్బి దిండ్లయ్యాయి. కటింగ్ మిషన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బీమా డబ్బు వస్తే ఆ షట్టర్ మళ్లీ లేస్తుంది, లేకపోతే లేదు.

పొద్దున వచ్చిన బీమా ఆఫీసరు పాతికేళ్ల అమ్మాయి. షాపంతా చూసింది, ఫొటోలు తీసింది, పైకొచ్చి టీ తాగుతూ ఫైలు తెరిచింది.

"ఫారంలో పదకొండో ప్రశ్న, ఇంతకు ముందు ఎప్పుడైనా షాపులోకి నీళ్లు వచ్చాయా అని. దానికి మీరు 'లేదు' అని రాశారు. ఈ వీధిలో ఇద్దర్ని అడిగాను. పాలసీ తీసుకోక ముందే మీ షాపులో పెద్ద వరద వచ్చిందని ఇద్దరూ చెప్పారు. ఏది నిజం?"

ఆ ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. ఒకడు టీ వడపోస్తున్నాడు, ఒకడు తాగుతున్నాడు.

ఆ 'లేదు' రాసింది పిన్ని. బాబాయ్ చేతికి ఫారమిస్తే పేరు దగ్గర్నించే పెంచి రాస్తాడని భయపడి తనే కూర్చుని నింపింది. కూతురికి నిన్నటితో ఐదేళ్లు నిండాయని కండక్టరుకి చెప్పి మరీ అర టికెట్ కొన్న మనిషి ఆవిడ. అదే పిల్ల ఈ మధ్య 'మా నాన్న వరదను ఈదిన రోజు' అని బడిలో వ్యాసం రాసి పదికి పది తెచ్చుకుంటే, టీచర్ దగ్గరికెళ్లి నాలుగు మార్కులు తగ్గించమని అడిగి వచ్చింది. అలాంటిది ఇప్పుడు తన చేతిరాతే అబద్ధమైపోతోంది.

'లేదమ్మా, ఏదో సరదాకి చెప్పా' అని బాబాయ్ ఒక్క మాటంటే సరిపోతుంది. కానీ ఎదురుగా కొత్త మనిషి, వరద సంగతి చెప్పమని తనంత తను అడుగుతోంది. చేపకి నీళ్లు చూపించి ఈదకు అంటే వింటుందా?

"మోకాలి లోతే కదా అని పుస్తకాలు పై అరలో సర్దుతున్నా," బాబాయ్ అందుకున్నాడు. "ఒక కట్ట పెట్టి వెనక్కి తిరిగేసరికి నడుం లోతు. నడుం లోతు మనకో లోతా, చిన్నప్పుడు అంతకన్నా లోతైన గ్లాసుల్లో పాలు తాగినవాణ్ణి, పట్టించుకోలేదు. ఇంకో కట్ట పెట్టా. ఈసారి తిరిగి చూస్తే ఏం కనబడిందో చెప్పండి?"

"గొంతు లోతు," అన్నాడు టైలర్, చాలాసార్లు విన్నవాడు కాబట్టి.

"కెరటం! ఆరు మెట్లూ ఒక్క ఊపున దిగింది. ఇక్కడ సముద్రం లేదు కదా అంటావు. నేనూ దాన్నదే అడిగా, ఎక్కణ్ణించి ఊడిపడ్డావే నువ్వు అని. నా గొంతు విని అదే రెండడుగులు వెనక్కేసింది."

"ఏవండీ," అంది పిన్ని. మోచేత్తో పొడిచింది కూడా.

"నువ్వాగు, అసలు ఘట్టం వస్తోంది. అప్పటికి నీళ్లు లైటు దాకా వచ్చేశాయి. బల్ల మీద కాలేజీ వాళ్ల నిఘంటువుంది. వెయ్యిన్నర పేజీలు, నా చేతి కుట్టు. దాన్ని నీళ్లలో వేశా. పడవలా తేలింది తల్లీ! ఎక్కి బాసింపట్టు వేసుక్కూచుని, స్కేలుతో తెడ్డేసుకుంటూ షాపు మూడు చుట్లు తిరిగా."

"చేపలు తగల్లేదా బాబాయ్?" టీ కొట్టాయన కొత్త గ్లాసు ఆయన ముందు పెట్టాడు.

"చేపలు లేవు. లేనివి ఉన్నాయని ఎందుకు చెప్పాలి? ఒక్కటే వచ్చింది. పాపం అది కూడా దారి తప్పి వచ్చింది, అడ్రసు చెప్పి పంపించేశా."

ఆఫీసరు నవ్వు ఆపుకోవడానికి ఫైలులోకి తల వంచింది. పిన్నికి నవ్వు రాలేదు. ఆ అమ్మాయి చేతిలో పెన్ను మూత తీసి ఉంది.

"ఇక తెడ్డు వేస్తే లాభం లేదు, దీని సంగతి తేల్చాల్సిందే అనుకున్నా. జిగురు డ్రమ్ము మొత్తం నీళ్లలో కుమ్మరించి కలియబెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంటలో వరద గట్టిపడింది! గట్టిపడి, పల్చగా పరుచుకుంటే అది నీళ్లా, కాగితమా? కాగితమే కదా! ఇంకేముంది, మన వృత్తే. మడత పెట్టా, కుట్టా, కటింగ్ మిషన్ కింద పెట్టి అంచులు కోశా. వచ్చిన వరదని వచ్చినట్టు మూడు సంపుటాలుగా బైండు చేశా. తోలు అట్ట, బంగారు అక్షరాలు. మొదటి రెండూ లైబ్రరీ వాళ్లు పట్టుకెళ్లారు. మూడోది ఇప్పటికీ ఆరలేదు."

టైలర్ చప్పట్లు కొట్టాడు. బాబాయ్ నెల రోజుల తర్వాత మొదటిసారి వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం పిన్ని చూసింది. షాపులో తడవకుండా మిగిలింది ఈ కథ ఒక్కటే. అందుకే ఆవిడ ఇంతసేపూ దాన్ని కాదనలేదు.

ఆఫీసరు గొంతు సవరించుకుంది. "సంపుటాలు వదిలేద్దాం సార్. చేపనీ వదిలేద్దాం. ఆ మోకాలి లోతు సంగతి చెప్పండి, అది నిజమా కాదా? తెలియక తప్పు రాస్తే పొరపాటంటాం, దానికి దారులుంటాయి. వరద వచ్చిందని తెలిసి, చెబితే మేం పాలసీ ఇవ్వమేమోనని 'లేదు' అని రాస్తే అది మోసం. అప్పుడు పాలసీ మొదటి రోజు నుంచీ లేనట్టే. మీరు చెప్పిన మాటే నేను రాసుకుంటాను. మోకాలి లోతు నీళ్లు వచ్చాయా?"

టైలర్ టేపు చుట్టడం మొదలుపెట్టాడు. టీ కొట్టాయన బాబాయ్ వైపు చూసి, కాదను, కాదను అని తల అడ్డంగా ఊపాడు.

బాబాయ్ మొహం ఎర్రబడింది. "ఏం తల్లీ, నన్ను బెదిరిస్తున్నావా? నలుగురి ముందు నా మాట అబద్ధమని నా నోటితోనే అనిపించే కంపెనీ ఇంకా పుట్టలేదు. వచ్చింది! మోకాలి లోతు, నడుం లోతు, లైటు లోతు! రాసుకో. షాపు పోతే పోనీ."

పెన్ను కాగితం మీదికి దిగింది.

"ఆగమ్మా," అంది పిన్ని, లేచి నిలబడి. "షాపు ఆయనదే కావచ్చు. ఆ ఫారం మీది రాత నాది. అందులో అబద్ధముందని ఎవరంటారో నా మొహం చూసి అనమను. ఆయన వరద అంటున్నది బకెట్టు."

"ఏంటే?" అన్నాడు బాబాయ్.

"నేను నేల తుడుస్తుంటే ఈయన చూసుకోకుండా వెనక్కి నడుస్తూ వచ్చి బకెట్టుకి కాలు తగిలించుకున్నారు. అర బకెట్టు నీళ్లు ఒలికాయి. ఈయన గోచీ ఎగ్గట్టినట్టు ప్యాంటు పైకి మడిచి బల్లెక్కి కూచుంటే నేనే తుడిచాను. మోకాలి దాకా తడిసిన మాట నిజం, ప్యాంటు."

టైలర్ టీ ముక్కులోంచి వచ్చింది.

"మీరు ఇప్పుడు ఇలా చెబితే నేనెలా నమ్మాలి మేడమ్? వీళ్లిద్దరూ వరదనే చెప్పారు," అంది ఆఫీసరు.

"మేం నమ్మి చెప్పలేదమ్మా," అన్నాడు టీ కొట్టాయన, "బాగుందని చెప్పాం. ఎవరడిగినా చెబుతాం. మోసమవ్వాలంటే ఎవరో ఒకరు నమ్మాలి కదా? ఈ బల్ల మీద పదేళ్లుగా ఈయన మాట ఒక్కటి నమ్మినవాడు లేడు."

బాబాయ్ ఆయన వైపు చూసిన చూపుకి స్టవ్ ఆరిపోవాల్సింది.

"మా మాటలు వద్దులే," అంది పిన్ని. "పదకొండో ప్రశ్న పక్కన అంచు చూడు. కాగితం అడ్డంగా తిప్పాలి. పాలసీ తీసుకున్న రోజే రాశాను."

ఆఫీసరు ఫారం తిప్పింది. 'లేదు' పక్కన చీమల బారులా సన్నని అక్షరాలు. కంపెనీలో ఎవరూ చదివినట్టు లేదు. ఆ అమ్మాయి పైకే చదివింది: "'ఒకసారి తుడిచే బకెట్టు మావారి కాలు తగిలి ఒలికింది. నాలుగు కాగితాలు తడిశాయి. ఇది రాయాలో వద్దో తెలియక రాస్తున్నాను.'"

ఇక ఆ కొట్టులో నవ్వనివాళ్లు ఇద్దరే. పిన్ని నవ్వలేదు, ఇంకా నిలబడే ఉంది. బాబాయ్ నవ్వలేదు, గ్లాసులోకి చూస్తున్నాడు. నిటారుగా ఉన్న వెన్ను మళ్లీ వంగింది.

ఆఫీసరు పదకొండో ప్రశ్న ఎదురుగా 'సరిగ్గానే రాశారు' అని రాసి సంతకం పెట్టింది. "క్లెయిం పైకి పంపిస్తాను. ఈ కాగితం మీద మాత్రం ఇక అభ్యంతరం లేదు. ఇంకేమైనా చెప్పాలా సార్?"

"ఏముంది చెప్పడానికి? బకెట్టేనట కదా," అన్నాడు బాబాయ్. గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. లేచి షాపు మెట్ల దాకా నడిచాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"అందరూ బకెట్టు, బకెట్టు అంటున్నారు గానీ," గొంతు మెల్లగా పైకి లేస్తోంది, "అదెంత బకెట్టో ఒక్కరైనా అడిగారా?"

పిన్ని కంగారుగా ఆఫీసరు చేతివైపు చూసింది. ఆ అమ్మాయి పెన్నుకి మూత పెట్టింది. లేచి, ఫైలు మూసి సంచీలో పెట్టి, సంచీ జిప్పు లాగింది. అంతా అయ్యాక మళ్లీ బల్ల మీద కూర్చుంది.

"ఎంతుంది సార్?"