ఒక్క కుర్చీకే వినబడే పాట

అయితే సాయంత్రం గంగయ్య వస్తే వాడికి సమాధానం ఎవరు చెప్తారర్రా? మీరా, మీ తాతగారా?

అలా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకండి. శారోనూ, ఆ ఫోను కింద పెట్టవే. సన్నీ, నువ్వూ కూర్చో. మీ తాతగారు పడుకున్నారు, ఆయన లేచేలోగా ఈ సంగతి తేలాలి. గంగయ్య ఊరికే రాడు. అంతర్వేది రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే మనిషి, సామాన్ల సంచీ భుజాన వేసుకుని మరీ వస్తాడు. "అమ్మ పంపిందండీ టీచరుగారండీ, పాటల మిషను పాడైపోయిందంట కదండీ, ఓపాలి చూత్తానండీ" అంటాడు. మిషనేమో నిక్షేపంలా ఉంది. అప్పుడేం చెప్తారు?

ఏంటీ? పాడైపోయిందన్నది నువ్వేగా అమ్మమ్మా అంటావా?

ఆయ్, నేనే. కాదన్నానా? వాళ్లమ్మ బంగారమ్మతో నా నోటితో నేనే చెప్పేను. ఎందుకు చెప్పవలసొచ్చిందో మొదట్నుంచీ చెప్తాను, మధ్యలో లేవకండి. ఏ పాఠమైనా నడిమధ్య నుంచి ఎత్తుకోవడం నాకు చేతకాదు. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.

మొన్న క్రిస్మస్‌కి మీరిద్దరూ తాతగారికి ఎర్ర పెట్టె కొనిచ్చేరు కదూ, సూట్‌కేసులా మూత తీస్తే లోపల రికార్డు తిరిగేది? అది వచ్చిన రోజున మీ తాతగారి సంబరం మీరు చూడలేదు. ట్రంకు పెట్టె అడుగున పడున్న రికార్డులన్నీ పైకి తీసి, తువ్వాలుతో తుడిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు మంచం మీద వరసగా పేర్చుకున్నారు. స్పీకర్లు ఆ పెట్టెలోనే ఉండేవాయె, ముందుగదిలో కిటికీ పక్కన పెట్టి వేసేవారు. నేను వంటింట్లో ఉండి వినేదాన్ని. ప్రహరీ అవతల బంగారమ్మ వాళ్ల అరుగు మీద, నులకమంచంలో పడుకుని వినేది.

ఆవిడ సంగతి మీకు తెలుసుగా. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగిన మనిషి. తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఇప్పుడావిడకి లోకమంటే ఆ అరుగూ, మన కిటికీ, అంతే. పొద్దు వాలేసరికి కేక పెట్టేది. "మేష్టారండోయ్! పడవ పాట ఎయ్యండి బాబూ!" అని. "ఇదిగో బంగారమ్మా, వేస్తున్నా" అనేవారు మీ తాతగారు. పాట అయ్యీ అవకముందే "మల్లీ ఓపాలండీ!" ఈయన మళ్లీ వేసేవారు. మనం ప్రార్థన చేస్తే జవాబు ఎప్పుడొస్తుందో తెలీదు కానీ, బంగారమ్మకి అడిగిన వెంటనే వచ్చేది. నవ్వకండి. పాస్టరుగారి దగ్గర అనకండి కూడా.

ఇంతలో సెలవలకి మీరొచ్చేరు. వచ్చి కాళ్లైనా కడుక్కోకుండా సన్నీ ఏమన్నాడు? "తాతయ్యా, ఈ పెట్టెతో వింటే నీ రికార్డులు అరిగిపోతాయి."

నువ్వన్నది నిజమేరా సన్నీ. నాకూ బోధపడింది. పిల్లలు పెన్సిలు నొక్కి రాస్తే కింది కాగితం మీద కూడా గాడి పడుతుంది చూడు, అలాగన్నమాట. ఆ పెట్టెలో ముల్లు బరువుగా ఆనుతుంది. ఈసారి మీరు తెచ్చిన రెండో మిషనుకి, ముల్లుండే చెయ్యి వెనకాల చిన్న బరువుంది. దాన్ని తక్కెడలాగ అటూ ఇటూ జరిపి, ముల్లు ఎంత ఆనాలో అంతే ఆనిస్తారు. బాగుంది. అక్కడితో ఆగేమా?

దీనికి సొంత స్పీకర్లు లేవు కనక స్పీకర్లు కావాలి. స్పీకర్లకి ఆంప్లిఫయరు కావాలి. "అన్నీ తక్కువలో అయిపోతాయి అమ్మమ్మా" అన్నావు. అయ్యేయి, కాదనను. మలికిపురంలో మైకుసెట్ల నాగదుర్గాప్రసాద్ పాత ఆంప్లిఫయరూ, పాత స్పీకర్లూ ఇచ్చేడు. బదులుగా ఎర్ర పెట్టె పట్టుకుపోయేడు. మిషను అదరకూడదన్నారు. నేను బట్టలుతుక్కునే నాపరాయి పలక ఎత్తుకొచ్చి దాని కింద వేసేరు. స్పీకర్లు చెవుల ఎత్తున ఉండాలన్నారు. నా పూలకుండీల స్టూళ్లు రెండూ లోపలికొచ్చేయి, మొక్కలు నేల మీద కూర్చున్నాయి. తక్కువలో అవడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది నాయనా. బజార్లో కొననిదల్లా నా ఇంట్లోంచి లాగడం.

సర్లే, రాయిదేముంది, స్టూళ్లదేముంది.

అసలు సంగతి కుర్చీది. రెండు స్పీకర్లూ, వినే మనిషీ ఒకరికొకరు సమాన దూరంలో ఉండాలన్నావు. సమబాహు త్రిభుజం. ఎంతమంది పిల్లలకి బోర్డు మీద గీసి చూపించేనో! అందులో కాపరం చెయ్యవలసొస్తుందని మాత్రం అనుకోలేదు. ఈ మూల ఒక పెట్టె, ఆ మూల ఒక పెట్టె, మూడో మూల మీ తాతగారి వాలుకుర్చీ. మరి నేనెక్కడ కూర్చోవాలిరా? ఏదీ, నాలుగో మూల చూపించు.

పక్కన కూర్చోవచ్చా? కూర్చున్నాను. ఈ చెవికి ఫిడేలు మోగిపోతోంది. పాడే ఆవిడ ఎక్కడో అటు గోడవార ఉంది, పేరంటానికి పిలిచి మాట్లాడనట్టు.

దానికి తోడు ఫాను ఆపాలి. రోహిణీ కార్తెలో ఫాను ఆపడం! కుక్కరు కూత వెయ్యకూడదు. గరిటె మోగకూడదు. ఆయన కళ్లు మూసుకుని ఆ కుర్చీలో ఉన్నంతసేపూ నేను నా ఇంట్లో దొంగలాగ మునివేళ్ల మీద నడుస్తున్నాను.

ఆ పాటా, గట్టిగా పెట్టరు. సన్నగా పెట్టుకుని వింటేనే దాని సొగసు తెలుస్తుందిట. ప్రహరీ అవతలికి ఏం వెళ్తుంది? "మేష్టారండోయ్, కూతంత పెంచండీ!" అని ఆవిడ కేక. ఈయన కళ్లు తెరవలేదు. మర్నాడూ కేకే. ఆ మర్నాడు "అబ్బబ్బ, పాట మధ్యలోకి వచ్చేస్తోందే ఆవిడ గొంతు" అన్నారు.

చూసేరా? అదివరకు ఆ గొంతు లేకపోతే పాటే మొదలయ్యేది కాదు.

ఇప్పుడు కిటికీకి పరుపుట. శబ్దం గోడలకీ అద్దాలకీ తగిలి వెనక్కొస్తోందిట. "ఫోము కొనక్కర్లేదు, మనకి కొబ్బరి పీచు ఉందిగా" అన్నావు. కోనసీమలో పుట్టినందుకు నీకు బాగానే తట్టింది. పాత పీచు పరుపు చీల్చి, నా నేత చీరల్లో కూరి, దబ్బనంతో పలకలు కుడుతున్నాను. గోడలకి అయ్యేయి. కిటికీది సగంలో ఉంది. ఇదిగో నా వేళ్లు చూడు, శారోనూ. చూసి ఊరుకో, మందేమీ అక్కర్లేదు.

ఏమన్నావు? బంగారమ్మకి ఆ పాట ఫోన్లో పెట్టిచ్చేద్దామా? పెట్టిచ్చెయ్. పిచ్చిదానా, ఆవిడకి పాట కావాలనుకున్నావా? వాళ్ల మనవడి ఫోన్లో లేని పాటలా? ఆవిడ కేక పెడితే ఒకరు పలకాలి. మేష్టారు పలికి, తన కోసం లేచి, రికార్డు మళ్లీ మొదట్నుంచి వెయ్యాలి. మంచాన పడ్డాక ఆవిడ ఇంకెవరికీ ఏ పనీ చెప్పలేదు. ఇది ఒక్కటే చెప్పేది.

ఇంక అబద్ధం దగ్గరికి వద్దాం.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. తాతగారి పరువు కాయడానికి అమ్మమ్మ అలా చెప్పిందనుకుంటున్నారు. ఆయనా అదే అనుకుంటున్నారు. "ఎందుకే నాకోసం అబద్ధాలు" అని మెత్తగా అన్నారు కూడా. ఆయన్ని అలాగే అనుకోనిచ్చేను.

గురువారం మీరు ముగ్గురూ వైర్ల కోసం మలికిపురం వెళ్లలేదూ? ఇల్లంతా ఖాళీగా ఉంది. కుర్చీ కూడా ఖాళీగా ఉంది. వెళ్లి కూర్చున్నాను.

మీ అమ్మని ఊయల్లో వేసి ఊపుతూ నేను విన్న లాలిపాట ఉంది, అది వేసేను. నువ్వు చూపించినట్టే, ముల్లు నెమ్మదిగా దించేను. ఫాను నేనే ఆపేను.

ఏం చెప్పనర్రా! ఆ పాడే ఆవిడ నా ఎదురుగా, బట్టల స్టాండు దగ్గర నిలబడి పాడుతున్నట్టే ఉంది. ఆ పాట నాకు కంఠతా వచ్చు. కానీ రెండో చరణం ఎత్తుకునే ముందు ఆవిడ చిన్నగా ఊపిరి తీసుకుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలీదు. ఇంత ఊపిరి. ఎవరో నా చెవి పక్కన కూర్చుని, అలసిపోయి, అయినా పాడుతున్నట్టు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేసేయి. మీ తాతగారు కళ్లు ఎందుకు తెరవరో తెలిసింది.

సరిగ్గా అప్పుడు కిటికీలోంచి కేక. "టీచరుగారండోయ్! మీరేనాండీ ఏసింది? పెంచండమ్మా, ఇనపడ్డంలేదు!"

లేచేను. పెంచడానికే లేచేననుకోండి. రెండడుగులు అటే వేసేను. ఆ తర్వాత కిటికీ దగ్గరికెళ్లి రెండు రెక్కలూ మూసేసి గడియ పెట్టేను. వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. పాట అయిపోయేదాకా లేవలేదు.

మీ తాతగారు ఎంత విసుక్కున్నా కిటికీ మూయలేదర్రా. మూసింది నేను.

ఆ సాయంత్రం గిన్నెలో పులుసు పట్టుకుని వాళ్లింటికి వెళ్లేను, వట్టి చేతుల్తో వెళ్లడానికి ముఖం చెల్లక. "పాట మద్దిలో ఆగిపోయిందేటండీ?" అని అడిగింది. మిషను పాడైపోయింది బంగారమ్మా అన్నాను. అనుకోకుండానే వచ్చేసింది ఆ మాట. ఆవిడేమందో తెలుసా? "అయ్యో, పాపం మేష్టారికి పొద్దెలా పోతాదండీ? మా గంగయ్యని పంపుతానుండండి" అంది.

ఇదీ జరిగింది.

గంగయ్యని మభ్యపెట్టలేం. మిషను తిప్పి చూస్తే వాడికి తెలిసిపోతుంది. కుర్చీ చూస్తాడు, గోడల నిండా పీచు పలకలు చూస్తాడు. మనల్ని ఒక్క మాట అనడు. ఇంటికెళ్లి "అది ఇంక బాగవదే అమ్మా" అంటాడు. అబద్ధం ఆడింది నేను, మోసేది వాడు.

నిజం చెప్పేసి పాట గట్టిగా వేసేద్దామంటావా శారోనూ? చెప్పొచ్చు, వెయ్యొచ్చు. రేపు మళ్లీ కేక పెడుతుంది. ఎల్లుండీ పెడుతుంది. అప్పుడు నేను లేస్తాను కదా, ఎటు వెళ్తానో నాకే నమ్మకం లేదు. బాగాలేదని ఎలా అనను, అంత బాగుంటే? ఒక్కరికే బాగుంటుంది, అంతే.

లేవండి ఇంక. గంగయ్య వస్తే లోపలికి పిలిచి కూర్చోబెట్టండి, మాట నేను మాట్లాడతాను. కిటికీ పలకకి ఇంకో పక్క కుట్టలేదు, పీచు కారిపోతోంది. వెలుతురుండగానే అది కాస్తా కుట్టేసి వస్తాను.