తిరిగిరాని బంతి

పది దాటినా డ్రిల్లు మాస్టారు బడి గేటు లోపలికి వెళ్ళలేదు. గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో, కాళ్ళ దగ్గర గుడ్డసంచి పెట్టుకుని, మూడో టీ తాగుతున్నాడు. పక్కనే నా కుట్టుమిషను. అటువైపు బస్సు డ్రైవరు. స్టవ్వు దగ్గర కొట్టు పెద్దాయన.

శనివారం పక్క ఊరి బడితో ఆడిన ఫుట్‌బాల్ మ్యాచి ఏమైందో మాకు తెలుసుకోవాలని ఉంది. ఈసారి కూడా పిల్లలు ఓడిపోతే శుక్రవారం ఆటల పీరియడు తీసేసి లెక్కలకిచ్చేస్తానని పెద్ద టీచరమ్మ ముందే చెప్పేసింది. వారం మొత్తమ్మీద ఆ పిల్లలు పరిగెత్తేది ఆ ఒక్క పీరియడులోనే.

"ఏం మాస్టారూ, గెలిచారా?" అని అడిగాను.

"గెలవడం, ఓడడం తర్వాత. మూడో తరగతి పిల్లలకి పాసివ్వడం నేర్పడమంటే ఏమిటో తెలుసా మీకు? మొదట్లో బంతి ఎటుపోతే అటు అందరూ ఒకేసారి పరిగెత్తేవాళ్ళు, ఒకడి మీద ఒకడు, ఎవడి చెప్పు ఎవడి కాలికో, ఏడుపులు. గోడ మీద సుద్దతో గోలు గీసి, దాని ముందు కూర్చోబెట్టి ఒక్కటే మాట చెప్పాను. ఒరే, బంతి కాలికి తగిలిందంటే అది నీది కాదు, పక్కవాడిది, ఇచ్చెయ్. అంతే, వారం తిరిగేసరికి పాసులొచ్చేశాయి."

"అంతవరకూ నమ్ముతాను," అన్నాడు పెద్దాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అలవాటు క్లాసులోకి పాకింది. పెన్సిలు ఇస్తే పక్కవాడికి, వాడు ఆ పక్కవాడికి, కిటికీలోంచి రెండో తరగతికి, ఎవడి పెన్సిలు ఎక్కడుందో ఎవడికీ తెలీదు, కానీ అందరి చేతిలోనూ ఒకటుంది. ఇళ్ళల్లోనూ అంతే. ఒక తండ్రి మంచినీళ్ళడిగితే ఆ గ్లాసు కొడుకు నుంచి అక్కకి, అక్క నుంచి పక్కింటి పిన్నిగారికి, అలా వీధి చివరిదాకా వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చిందట, చుక్క తొణక్కుండా."

"ఎవరా తండ్రి?" అన్నాడు డ్రైవరు.

"ఎవరైతే ఏం, ఆయనసలే దాహంతో ఉన్నాడు. ఇక మ్యాచికొద్దాం. మావాళ్ళు ఏడుగురూ పాసులందుకున్నారు చూడండీ, సగం ఆటయ్యేదాకా బంతి నేలమీద పడలేదు. అవతలి పిల్లలు కాసేపు వెంటపడ్డారు, ఆయాసమొచ్చి ఆగారు, తర్వాత వరసలో నిలబడి మాకూ ఒకటివ్వండి అని అడిగారు. కాదనడం నేను నేర్పలేదు కదా, ఇచ్చారు. వాళ్ళు మళ్ళీ మావాళ్ళకిచ్చారు. రిఫరీ కూడా ఈల జేబులో పెట్టుకుని పాసులిచ్చాడు."

"రిఫరీ ఏ జట్టులో ఆడినట్టు?" అన్నాను.

"అదే నాకూ అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు బంతి గోడ దాటింది. అవతల బస్సు పోతోంది. కిటికీలోంచి లోపలికి, ఈ సీటు నుంచి ఆ సీటుకి, కండక్టరు దానికి టిక్కెట్టు కూడా కొట్టాడు."

"ఆ దారిలో పోయే బస్సు నాదే," అన్నాడు డ్రైవరు. "శనివారం నేనే నడిపాను."

"మీరు రోడ్డు చూసుకుంటూ నడిపారు. మంచి డ్రైవరు వెనక్కి చూస్తాడా?"

డ్రైవరు ఇంకో టీ చెప్పాడు.

"పోస్టాఫీసు దగ్గర దిగింది, ముద్ర వేశారు. ఆసుపత్రికెళ్ళింది. కాలు విరిగి పడుకున్న ముసలాయన ఆ కట్టు కాలుతోనే పాసిచ్చాడు, దెబ్బకి కాలు అతుక్కుంది. రేవు దగ్గర పడవెక్కింది. అవతలి ఒడ్డున ఎవరో వాళ్ళ భాషలో ఏదో అని ముందుకి తన్నారు. ఇప్పటికీ ఊళ్ళు తిరుగుతూనే ఉంది, నేల తాకలేదు. ఎప్పుడొస్తుందో, ఎటునుంచొస్తుందో ఎవరమూ చెప్పలేం."

"ఇంతకీ స్కోరెంత?" అన్నాడు పెద్దాయన.

"బంతే రాలేదంటుంటే స్కోరేమిటండీ? పెద్ద టీచరమ్మకీ ఇదే చెప్పబోతున్నాను. ఆట పూర్తికాలేదు కాబట్టి ఓడిపోలేదు, ఓడిపోలేదు కాబట్టి పీరియడు తీసెయ్యడానికి లేదు."

ఎక్కడో మెలిక ఉంది, అది ఎక్కడుందో మాత్రం ఒక్కరికీ చిక్కలేదు.

అప్పటికే బడి ఆయమ్మ వచ్చి వెనక నిలబడి ఉంది. మ్యాచికి మంచినీళ్ళ బిందె మోసుకెళ్ళింది ఆవిడే.

"మాస్టారూ, బంతి మీ సంచిలో ఉంది," అంది.

అందరం కిందికి చూశాం. సంచి గుండ్రంగా ఉంది. మాస్టారు దాన్ని కాలితో బెంచీ కిందికి నెట్టాడు.

"ఇది వేరే బంతి."

"బడికున్నదే ఒకటి." ఆయమ్మ మా వైపు తిరిగింది. "మొదటి సగంలో ఎవరూ గోలు వెయ్యలేదు. రెండో సగంలో మనవాళ్ళు మూడేశారు. ఎంత ముచ్చటగా పాసులిచ్చుకున్నారో, అది మాత్రం నిజం. కాకపోతే మన గోల్లోనే వేశారు."

"మన గోల్లోనా?" అన్నాడు డ్రైవరు.

"సగం ఆటయ్యాక అటువాళ్ళు ఇటు మారాలట కదా. మన బడిలో గోలంటే ఆ ఒక్క గోడే, ఎప్పుడూ ఒకవైపే తన్నడం అలవాటు. మారాలని ఈయన వాళ్ళకి చెప్పలేదు, ఈయనకీ గుర్తులేదు. మూడుసార్లూ లేచి చప్పట్లు కొట్టారు. ఈయన్ని చూసి పెద్ద టీచరమ్మా కొట్టారు. ఆవిడ బస్సు టైమైందని ఆట అవకముందే వెళ్ళిపోయారు."

"ఎండ కళ్ళల్లో కొట్టింది," అని గొణిగాడు మాస్టారు. అంతలో తలెత్తాడు. "అంటే ఆవిడ మనం గెలిచామనుకుంటోందా?"

"పొద్దున ప్రార్థనలో అదే చెప్పారు. పీరియడు ఉంటుందన్నారు. ఎందుకో తెలీకపోయినా పిల్లలు చప్పట్లు కొట్టారు."

మాస్టారి మొహం వెలిగిపోయింది. సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"గోల్‌కీపరు పిల్ల మాత్రం లేచి, లేదు టీచర్, మనం ఓడిపోయాం అంది. మీ మాస్టారే చప్పట్లు కొడితే నువ్వు అబద్ధాలాడతావా అని దాన్ని క్లాసు బయట నిలబెట్టారు. మిమ్మల్ని అడిగి తేలుస్తారట, రమ్మన్నారు."

"ఆ పిల్లేమంటోంది?"

"మాస్టారొస్తే చెప్తారు అంటోంది. గంటనుంచీ అదే మాట."

మాస్టారు గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. అందులో ఇంకా సగం టీ ఉంది.

"గెలిచామని ఒక్కమాట అనేస్తే పోలా?" అన్నాడు డ్రైవరు మెల్లగా. "పీరియడు దక్కుతుంది."

నాకు పీరియడు పోతుందంటే బాధగా ఉంది, ఆ పిల్ల అలా నిలబడి ఉందంటే అంతకంటే బాధగా ఉంది. మాస్టారు సంచి తీసుకుని రోడ్డు దాటాడు.

ఇక్కణ్ణుంచి బడి వరండా కనిపిస్తుంది. ఆయన నేరుగా వెళ్ళి ఆ పిల్ల పక్కనే, గోడకి ఆనుకుని తనూ నిలబడ్డాడు. పెద్ద టీచరమ్మ బయటికొచ్చింది. మాస్టారిది ఎన్నో ఏళ్ళు మైదానంలో అరిచిన గొంతు కదా, మాకు వీధి ఇవతలికి వినిపించింది.

"మూడు-సున్నా ఓడిపోయాం టీచరమ్మా. ఈ పిల్ల చెప్పిందే నిజం. నేర్పనిది నేను."

ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటాడేమోనని కాసేపు చూశాం. అనలేదు.